నలభై అయిదు శాతం

పంజాగుట్ట చౌరస్తా నుంచి అమీర్‌పేట వైపు వచ్చే రోడ్డులో, మెట్రో స్తంభాలకు ఎదురుగా, ఒక భవనం రెండో అంతస్తులో స్కానింగ్ సెంటర్ ఉంది. అందులో పదహారేళ్ళుగా రిపోర్టులు టైపు చేస్తున్న మనిషి పేరు నవీన. డాక్టరు గారు మసక చీకటి గదిలో మిషను ముందు కూర్చుని, పేషెంటుకు జెల్ రాసి, తెర మీద కనిపించినదాన్ని కనిపించినట్టు పైకి చెబుతూ పోతారు. పక్కన చిన్న బల్ల దగ్గర కూర్చుని నవీన ఆ మాటల్ని టైపు చేస్తుంది. లివర్, కిడ్నీలు, థైరాయిడ్, మెడ రక్తనాళాలు. ఆయన నోట వాక్యం పూర్తయ్యేసరికి ఆమె వేళ్ళ కింద చుక్క పడిపోతుంది.

ఈ పని చెయ్యాలని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. తండ్రి ఐలయ్య జనగామ వైపు నుంచి మేస్త్రీ పనికి వచ్చి బల్కంపేటలో స్థిరపడ్డాడు. కూతురు డిగ్రీ పాసై, అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ఆరు నెలలు సాఫ్ట్‌వేర్ కోర్సు చేసింది. కోర్సు అయ్యేనాటికి కొత్త ఉద్యోగాలు ఆగిపోయాయి, ఉన్నవాళ్ళనే తీసేస్తున్నారు. టైపింగ్ వేగంగా వచ్చినవాళ్ళు కావాలని ఇన్‌స్టిట్యూట్ మెట్ల దగ్గర అంటించిన కాగితం చూసి స్కానింగ్ సెంటర్‌కి వెళ్ళింది. రెండు నెలలు చేసి మానేద్దామనుకుంది. ఈలోగా మహిపాల్‌తో పెళ్ళయింది, పింకీ పుట్టింది, పింకీ పదో తరగతికి వచ్చింది. ఆ రెండు నెలలు ఇంకా అవుతూనే ఉన్నాయి.

సెంటర్‌లో ఆమెకు మొదటి రోజే చెప్పిన నియమం ఒకటుంది. రిపోర్టులో ఏముందో టైపు చేసేవాళ్ళు పేషెంటుకు చెప్పకూడదు. బయట వరండాలో ఎవరైనా పట్టుకుని అడిగితే "మీ డాక్టర్ చెప్తరు" అని పక్కకు తప్పుకోవాలి. మొదట్లో ఆ మాట అంటూ ఆమె నేల వైపు చూసేది. ఏళ్ళు గడిచాక అలవాటైంది.

స్కానింగ్ చేసే డాక్టరు హనుమత్ప్రసాద్ గారిది గుంటూరు వైపు. అరవై దాటిన మనిషి, గొంతు ఎప్పుడూ పెంచరు. ఒక పేషెంటుకూ ఇంకో పేషెంటుకూ మధ్య దొరికే నాలుగు నిమిషాల్లో తెర మీద బొమ్మ చూపించి నవీనకు వివరించడం ఆయనకు సరదా. మెడలో నాళం రెండుగా చీలేచోట పేరుకునే కొవ్వు గురించి ఆమెకు అలాగే తెలిసింది.

"ఇది చూడమ్మా, తెల్లగా మెరుస్తోందే, ఇది గట్టిపడి సున్నంలాగా అయిపోయింది. చాలావరకు ఉన్నచోటే ఉంటుంది. ఇది చూడు, నల్లగా, మెత్తగా. దీని పైపొర పలచన. ఇలాంటిది ఎప్పుడో ఒకరోజు పగులుతుంది. పగిలినచోట రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ మెదడుకి పోయిందా, పక్షవాతమే."

"ఎప్పుడు పగులుతదో తెల్వదా సార్?"

"అది తెలిస్తే ఇంకేం కావాలమ్మా!"

రిపోర్టు చివర ఇంప్రెషన్ అని ముద్ద అక్షరాల్లో రెండు మూడు వాక్యాలు ఉంటాయి. పైన పేజీ నిండా ఏం రాసినా చాలామంది చూసేది దాన్నే. మెడ రక్తనాళాల రిపోర్టులో అక్కడ ఉండేది ఒక అంకె. నాళం ఎంత శాతం మూసుకుపోయింది అన్న అంకె. కొవ్వు మెత్తదా, గట్టిదా అన్నది పై పేరాల్లో ఎక్కడో ఒక మాటగా మిగిలిపోయేది. ఆ మాటల్ని నవీన ఎన్ని వందలసార్లు టైపు చేసిందో ఆమెకే తెలియదు.

మహిపాల్‌కు నలభై ఎనిమిది. మాసబ్ ట్యాంక్‌లో ఒక ప్రభుత్వ ఆఫీసుకు కాంట్రాక్టు మీద కారు నడుపుతాడు. మాటల మనిషి. సిగ్నల్ దగ్గర ఆగితే పక్క బండివాడితో మాట కలిపి, పచ్చదీపం పడేసరికి వాడి ఊరు, కులం, కష్టం మొత్తం తెలుసుకుంటాడు. పదేళ్ళుగా బీపీ ఉంది. రోజుకు అరపెట్టె సిగరెట్లు కాలుస్తాడు. అతని తండ్రి యాభై రెండేళ్ళకే పక్షవాతంతో పోయాడు. ఎవరైనా ఆ సంగతి ఎత్తితే "మా బాపు గుడుంబ తాగి పోయిండు, నేను తాగనే తాగ" అని కొట్టిపారేసేవాడు.

నిరుడు జూన్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నం తింటూ అతను ఒక కబురు చెప్పాడు.

"మొన్న గురువారం మస్తు తమాష అయింది. మాసబ్ ట్యాంక్ సిగ్నల్ కాడ ఆగిన. పైకెల్లి షట్టర్ దించినట్టు ఎడమ కంట్ల చీకటైపోయింది. సారేమో ఎనక కూసోని ఫోన్ల మాట్లాడుతుండు. నేను ఒంటికంటితోని బండి నడుపుతున్న. ఆఫీస్ గేటు కాడికి పోయేసరికి మళ్ల షట్టర్ లేసింది."

పింకీ నవ్వింది. నవీన కూర గిన్నె కింద పెట్టింది.

"ఒక్క కన్నేనా? కుడి కన్ను మూసి చూసినవా?"

"చూసిన. ఏం కనవడలే."

"ఎన్ని నిమిషాలు?"

"నాలుగో అయిదో. గడియారం చూసుకుంట కూసుంటనా?"

"చెయ్యి గిట్ల తిమ్మిరెక్కిందా? మాట తడబడ్డదా?"

"ఏందే, డాక్టర్ లెక్క అడుగుతున్నవ్! నిద్ర సాలలే, గంతే. నువ్వు ఊకె పరేషాన్ గాకు."

ఎడమ కంటికి రక్తం మెడలో ఎడమవైపు నాళం నుంచే పోతుందని నవీనకు తెలుసు. గడ్డలోంచి చిన్న తునక ఒకటి కంటిదాకా వెళ్ళి కరిగిపోతే ఇలాగే చీకటి పడి మళ్ళీ వెలుగొస్తుందని, హనుమత్ప్రసాద్ గారు పేషెంట్లను అడిగే ప్రశ్నల వల్ల తెలుసు. ఆ తర్వాత ఏం వస్తుందో కూడా తెలుసు.

సోమవారం పొద్దున అతను ఎంత గొణిగినా వినకుండా సెంటర్‌కి తీసుకొచ్చింది. తన కుర్చీలో కూర్చుంది. మహిపాల్ బల్ల మీద పడుకుని, తల పక్కకు తిప్పి, జెల్ చల్లగా తగలగానే "సార్, ఐస్‌క్రీమ్ పెడుతున్నరా?" అన్నాడు. డాక్టరు గారు నవ్వారు. కుడివైపు చూస్తున్నంతసేపూ అలవాటుగా చెబుతూ పోయారు. మెడకు ఆనించే ఆ ప్రోబ్ ఎడమవైపు పెట్టాక నోరు ఆగిపోయింది.

ఆయన మౌనాలు నవీనకు తెలుసు. ఏమీ లేనప్పుడు ఆయన ఆగరు. ఆమె వేళ్ళు కీబోర్డు మీదే ఉన్నాయి. తెర ఆమె కూర్చున్నచోటికి ఓరగా కనబడుతుంది. అటు చూడకూడదనుకుంది, చూసింది. నాళం చీలేచోట ఒక పక్క గోడకు నల్లటి ముద్ద. దాని అంచు నున్నగా లేదు, ఒకచోట చిన్న గంటు పడినట్టుంది.

ఆయన మెల్లగా చెప్పడం మొదలుపెట్టారు. మెత్తటి ప్లాక్, అంటే పేరుకున్న కొవ్వు. పైభాగం ఎగుడుదిగుడు. ఇరుకు నలభై అయిదు శాతం. నవీన టైపు చేసింది. ఒక్క అక్షరం తప్పు పోలేదు. ఇంప్రెషన్ దగ్గరికి వచ్చాక ఆయన "ఎడమ నాళంలో యాభై శాతం లోపు ఇరుకు. చెప్పుకోదగ్గ అడ్డంకి లేదు" అన్నారు.

ఆమె వేళ్ళు ఆగాయి.

"సార్, మెత్తగ ఉందన్నది గీడ సుత పెట్టాల్నా?"

"ఫార్మాట్‌లో ఇక్కడ శాతమే పెడతాం కదమ్మా. పైన రాశాంగా." ఆయన కళ్ళద్దాలు తీసి, మహిపాల్ షర్టు బొత్తాలు పెట్టుకుంటూ బయటికి వెళ్ళేదాకా ఆగారు. "కంగారుపడకు. న్యూరాలజీ మంజూష గారికి నేనే ఫోన్ చేసి చెబుతా. ఈరోజే చూపించండి."

డాక్టర్ మంజూష పంజాగుట్టలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కూర్చుంటుంది. వెళ్ళిన గంటలో మెదడుకు ఎమ్మారై తీయించింది. మెదడు శుభ్రంగా ఉంది. ఆ మాట విని మహిపాల్ భార్య వైపు చూసి కనుబొమలు ఎగరేశాడు. డాక్టరమ్మ రిపోర్టును ఇంప్రెషన్ మాత్రమే కాకుండా మొదటినుంచీ చదివింది. ఆ చదవడం చూసి నవీనకు కాస్త ప్రాణం కుదుటపడింది.

"రెండు మాత్రలు రక్తం పలచబడటానికి, ఒకటి కొవ్వుకి ఎక్కువ డోసులో. బీపీ మందు మారుస్తున్నాను. సిగరెట్ ఈ గుమ్మం దాటకముందే మానెయ్యాలి. నేను చెప్పేదాకా బండి నడపొద్దు."

"ఆపరేషన్ జేసి తీసేయరాదా మేడం?" నవీన అడిగింది.

"యాభై లోపు ఉన్నవాళ్ళకు ఆపరేషన్ వల్ల వచ్చే లాభం కంటే ప్రమాదం ఎక్కువని లెక్కలు చెబుతున్నాయి. ఆపరేషన్ చేస్తుండగానే పక్షవాతం రావచ్చు. నేను పంపినా సర్జన్లు ఒప్పుకోరు."

"గానీ అది మెత్తగ ఉంది మేడం. గంటు సుత పడ్డది. నేను చూసిన."

మంజూష పెన్ను కింద పెట్టింది. "నాకూ అదే భయం. శాతం చూసి ప్రమాదం తేల్చడం సరిపోదని ఇప్పుడిప్పుడే అందరూ ఒప్పుకుంటున్నారు. ఆ కొవ్వు లోపల రక్తం కారిందేమో చూపించే ఎమ్మారై ఒకటుంది. మామూలుది కాదు, నాళం గోడనే చూస్తుంది. ఊళ్ళో చాలా తక్కువచోట్ల చేస్తారు. అందులో రక్తం కనిపిస్తే నేను సర్జన్ దగ్గరికి వెళ్ళి వాదించడానికి ఒక ఆధారం ఉంటుంది. రాసిస్తాను."

ఆ ఎమ్మారైకి తేదీ మూడు వారాల తర్వాత దొరికింది. జూలై ఎనిమిది.

పదహారేళ్ళ ఉద్యోగంలో ఎప్పుడూ ఎవరినీ ఏదీ అడగని నవీన ఆ వారంలో తెలిసిన ప్రతివాళ్ళనూ అడిగింది. ఆ ఎమ్మారై చేసే సెంటర్‌లోని టెక్నీషియన్ అభిలాష్ ఒకప్పుడు వీళ్ళ దగ్గరే ఉండేవాడు. అతన్ని పట్టుకుంది. అతను నిజాయితీగానే ప్రయత్నించాడు. "అక్కా, ఆ పరీక్ష చూసి చెప్పే డాక్టరు వారానికి రెండు రోజులే వస్తాడు. ఎవరైనా రాకపోతే మీకు ఇస్తా" అన్నాడు. రెండురోజులకు ఫోన్ చేసి జూలై నాలుగుకు మార్చానని చెప్పాడు. నాలుగు రోజులు తగ్గాయి. ఆమె అతనికి చేతులెత్తి దండం పెట్టినంత పనిచేసింది.

మహిపాల్ సిగరెట్ నిజంగానే మానేశాడు. ఇరవై ఏళ్ళలో ఆరుసార్లు మానేస్తానని మానని మనిషి, ఈసారి నోట్లో సోంపు వేసుకుని తిరిగాడు. మాత్రలు టైముకు వేసుకున్నాడు. పెరుగులో ఉప్పు మానేశాడు. బండి లేకపోయేసరికి పక్కింటి ఓదెలు దగ్గరికి పోయి కూర్చునేవాడు. ఓదెలు అమీర్‌పేట మెట్రో కింద షేర్ ఆటో నడుపుతాడు. ఇద్దరూ ఒక ఈడువాళ్ళే.

"మా నవీన నన్ను గాజుగ్లాసు లెక్క చూస్తుందిరా," అని అతనితో నవ్వుతూ చెప్పుకునేవాడు.

అది నిజమే. అతను ఒక పదం కోసం తడుముకుంటే ఆమె చేస్తున్న పని ఆపి అతని మొహం చూసేది. చెంచా చేతిలోంచి జారితే లేచి నిలబడేది. ఒకసారి అతను నిద్రమొహంతో మూతి వంకరగా పెట్టి ఆవులిస్తే, దగ్గరికి వచ్చి "నవ్వు, నవ్వి చూపెట్టు" అంది. అతనికి మొదట నవ్వొచ్చింది, తర్వాత కోపం వచ్చింది.

"నువ్వు గిట్ల చూస్తుంటే లేని రోగం సుత వస్తది."

"ఏం చేయమంటవ్ మరి?"

అతను ఆమె భుజం మీద చెయ్యి వేసి బయటికి పోయాడు.

సెంటర్‌లో ఆమె మిగతావాళ్ళ మెడలు టైపు చేస్తూనే ఉంది. ఒకరోజు అచ్యుతరావు అనే ఎనభై రెండేళ్ళ పెద్దాయన వచ్చాడు. కాకినాడ మనిషి, ఎస్సార్ నగర్‌లో కొడుకు దగ్గర ఉంటాడు. డెబ్బై శాతం ఇరుకు, గట్టి సున్నపు ప్లాక్. ఆయన బల్ల మీంచి తనంతట తానే దిగి, చొక్కా సర్దుకుంటూ "ఏంటమ్మా, డెబ్బై అంటున్నారు? పోయినేడు అరవై ఎనిమిదేగా! పదేళ్ళ నుంచి మోస్తున్నాను దీన్ని" అని నవ్వాడు. నవీన తల ఎత్తకుండా టైపు చేసింది. ఏ పాపం ఎరుగని ఆ ముసలాయన మీద అంత కోపం తనకెందుకు వచ్చిందో ఆమెకు ఆ తర్వాత చాలాసేపు సిగ్గుగా అనిపించింది.

జూలై ఒకటి, మంగళవారం, బల్కంపేట ఎల్లమ్మ కళ్యాణం. తెల్లవారుజాము నుంచే గుడి చుట్టుపక్కల రోడ్లన్నీ మూసేశారు. బారికేడ్లు, క్యూలు, ఒడిబియ్యం తెచ్చిన ఆడవాళ్ళు, మైకులు. స్కూలు బస్సు లోపలికి రాదని పింకీ ఇంట్లోనే ఉంది. నవీన మాత్రం గుంపులోంచి ఎలాగో బయటపడి, మెయిన్ రోడ్డుకు నడిచి సెంటర్‌కి వచ్చింది. ఎమ్మారైకి ఇంకా మూడు రోజులు.

పదిన్నర దాటాక ఒక ఆవిడకు కడుపు స్కానింగ్ జరుగుతోంది. బల్ల మీద ఫోన్ వణికింది. మామూలుగా అది సొరుగులో ఉంటుంది, ఈ రెండు వారాలుగా పైనే పెట్టుకుంటోంది.

"మమ్మీ, డాడీ మాట్లాడ్తలేడు. చాయ్ గ్లాస్ పట్టుకుంటే జారిపోయింది. ఏదో అంటుండు, అర్థమైతలేదు."

"ఎప్పుడు?"

"ఇప్పుడే, ఇప్పుడే మమ్మీ."

నవీన గోడగడియారం చూసింది. పది నలభై. "పింకీ, ఏడువకు. నవ్వమను డాడీని. మూతి ఒక పక్కకు పోతుందా? రెండు చేతులు లేపమను."

"కుడి చెయ్యి లేస్తలేదు. మమ్మీ, డాడీ నన్ను చూస్తుండు. భయపడ్తుండు."

"నీళ్ళు తాపకు, ఏం తినపెట్టకు. ఓదెలు మామను పిలువు. పంజాగుట్టల మేడం హాస్పిటల్‌కు తీస్కరమ్మను. పది నలభైకి అయిందని చెప్పు. యాదుంచుకో, పది నలభై."

ఆమె వాక్యం మధ్యలో లేచి నిలబడింది. హనుమత్ప్రసాద్ గారు ప్రోబ్ చేతిలో పట్టుకునే "వెళ్ళమ్మా, నేను మంజూష గారికి చెబుతాను" అన్నారు.

ఆటో కోసం చూడకుండా ఆమె ఆసుపత్రికి పరుగెత్తింది. ఎమర్జెన్సీ గేటు దగ్గర నిలబడింది. అంతే, ఇక ఆమె చెయ్యగలిగింది ఏమీ లేదు. ఇంటికి పోయే దారి మూసి ఉంది, పోయినా ఎదురు తప్పుతారేమోనని భయం. 108 బండి బారికేడ్లు దాటి లోపలికి రావాలంటే చాలాసేపు పడుతుందని ఫోన్లో చెప్పారు. మంజూష కిందికి వచ్చి సీటీ గది ఖాళీ చేయించింది, ఎంత త్వరగా ఇస్తే అంత మెదడు దక్కే, గడ్డ కరిగించే ఇంజెక్షన్ సిద్ధం చేయించింది. అన్నీ సిద్ధంగా ఉన్నాయి. మనిషి లేడు. నవీన ఫోన్లో నిమిషాలు మారడం చూస్తూ నిలబడింది. పది యాభై అయిదు. పదకొండూ పది. ఫోన్ చేస్తే పింకీ ఎత్తడంలేదు.

అక్కడ ఏం జరిగిందో ఓదెలు తర్వాత చెప్పాడు. మహిపాల్‌ను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, జారిపోకుండా తువ్వాలుతో కట్టి, వాడకట్టువాళ్ళు నలుగురు ఎత్తుకున్నారు. ఓదెలు ఆటో బారికేడ్ల అవతల ఎస్సార్ నగర్ వైపు ఉంది. అక్కడిదాకా కిక్కిరిసిన మనుషులు. "జరుగుండ్రి, జర జరుగుండ్రమ్మా" అని ఓదెలు అరుస్తుంటే డప్పుల చప్పుడులో ఎవరికీ వినపడలేదు. కుర్చీలో ఊగుతున్న మనిషిని చూసి పూనకం వచ్చిందనుకుని కొందరు దండం పెట్టారట. చివరికి ఒక ఆడ కానిస్టేబుల్ మహిపాల్ మొహం చూసి, బారికేడు పక్కకు లాగి, ముందు నడుస్తూ దారి చేసింది. పింకీ తండ్రి ఎడమ చెయ్యి వదలకుండా పక్కనే పరుగెత్తింది. పది నలభై, పది నలభై అని దారంతా పైకే అనుకుంటూ వచ్చింది.

పదకొండూ ముప్పై అయిదుకు ఆటో గేటులోకి వచ్చింది. మహిపాల్ కళ్ళు తెరిచే ఉన్నాయి. నవీనను చూసి నోరు తెరిచాడు. గొంతులోంచి శబ్దం వచ్చింది, మాట రాలేదు. అతను మళ్ళీ ప్రయత్నించాడు. స్ట్రెచర్ లోపలికి వెళ్ళిపోయింది.

పన్నెండు దాటాక ఇంజెక్షన్ ఇచ్చారు. ఆ తర్వాత తొడ దగ్గర నుంచి సన్నటి తీగ పంపి, మెదడులో ఇరుక్కున్న గడ్డను బయటికి లాగారు. ఆ రెండూ జరగకపోతే మనిషి దక్కేవాడు కాదని మంజూష చెప్పింది. కానీ గడ్డ తీసేలోపే కొంత మెదడు చచ్చిపోయింది. కుడి చేయి పూర్తిగా పడిపోయింది, కుడి కాలు సగం పడిపోయింది. అర్థం చేసుకుంటాడు, మాట్లాడలేడు.

నాలుగో రోజున, అంటే జూలై నాలుగున, కాస్త కుదురుకున్నాక మెడకు ఆ ఎమ్మారై ఇక్కడి నుంచే అంబులెన్సులో తీసుకెళ్ళి చేయించారు. మంజూష తన గదిలో నవీనకు బొమ్మ చూపించింది. బూడిదరంగు మధ్యలో బియ్యపుగింజంత తెల్లటి మచ్చ.

"ఇది ప్లాక్ లోపల కారిన రక్తం."

"ముందుగాల చూసుంటే?"

"ముందే చూసి ఉంటే సర్జన్‌తో మాట్లాడేదాన్ని. ఆయన ఒప్పుకునేవాడో లేదో నేను చెప్పలేను. ఆ మచ్చ జూన్‌లో ఉందో లేదో కూడా చెప్పలేను, నవీనా. నీకు ఓదార్పుగా ఏదైనా చెప్పాలనే ఉంది. అబద్ధం చెప్పలేను."

"మేము ఏం తప్పు జేసినం మేడం? మాత్రలు వేసుకున్నడు, సిగరెట్ ఇడిసిపెట్టిండు, జల్దిన తెచ్చినం."

"ఏ తప్పూ చెయ్యలేదు."

ఆ మాట విన్నాక నవీన మొదటిసారి ఏడ్చింది. ఎవరిదైనా తప్పుంటే వాళ్ళను తిట్టుకునైనా బతికేది. టైపు చేసిన తనను తిట్టుకుందామన్నా, ఆమె అడగాల్సింది అడిగింది. డాక్టర్లు చెయ్యాల్సింది చేశారు.

రెండో వారంలో సర్జన్ మెడ కోసి ఆ కొవ్వును తీసేశాడు. అంకె అప్పుడూ నలభై అయిదే. పక్షవాతం వచ్చాక, మచ్చ కనబడ్డాక, ఒప్పుకున్నాడు.

మహిపాల్ ఇంటికి వచ్చాక ఒకే ఒక్క మాట మిగిలింది. మస్తు. ఆకలైనా మస్తు, కోపం వచ్చినా మస్తు, బాత్రూమ్‌కు పోవాలన్నా మస్తు. తను వేరే మాట అంటున్నాననే అతను అనుకుంటాడు. ఎదుటివాళ్ళు వేరేది తెచ్చిస్తే మొహం ఎర్రబడేది, ఎడమ చేత్తో మంచాన్ని గుద్దేవాడు. ఆ ఒక్క మాటలోని ఎత్తుపల్లాలను బట్టి అతనికేం కావాలో మొదట పట్టుకున్నది పింకీ. తల్లికి నేర్పింది. ఆఫీసులో అతని స్థానంలో వేరే డ్రైవర్ వచ్చాడు. సారు ఒకసారి వచ్చి, పళ్ళు పెట్టి, కూర్చోలేక పదినిమిషాల్లో లేచి వెళ్ళాడు.

నెలన్నర తర్వాత నవీన మళ్ళీ తన కుర్చీలో కూర్చుంది. మెడ స్కానింగ్ వచ్చినప్పుడల్లా తెర వైపు చూడకుండా టైపు చేసేది. ఒకరోజు రెండు కేసుల మధ్య ఖాళీలో అడిగింది.

"సార్, మెత్తదా గట్టిదా అన్నది ఇంప్రెషన్‌ల ఒక లైన్ పెడితే ఏమైతది?"

హనుమత్ప్రసాద్ గారు "పెడదాం" అన్నారు.

ఆ వారం నుంచే పెట్టారు. పదిరోజులకు ఇద్దరు డాక్టర్లు ఫోన్ చేసి, మీ రిపోర్టు చూసి పేషెంట్లు ఊరికే బెదిరిపోతున్నారని విసుక్కున్నారు. ఆయన మార్చలేదు. అయితే ఆ లైను చదివినవాళ్ళు మాత్రం ఏం చేస్తారు? మాత్రలు రాస్తారు, సిగరెట్ మానమంటారు, ఎమ్మారైకి తేదీ తీసుకోమంటారు. తర్వాత పేషెంట్లు ఇళ్ళకు పోయి ఎదురుచూస్తారు. నవీనకు అది తెలుసు. తెలిసే ఆ లైను టైపు చేస్తుంది.

డిసెంబరులో మహిపాల్ కుడివైపు నాళం చూశారు. ముప్పై శాతం. అంచు నున్నగానే ఉంది గానీ కొంత మెత్తదనం ఉంది. మాత్రలు అవే వాడాలి, ఆరు నెలలకు మళ్ళీ చూడాలి. ఓదెలు ఆటోలో అతన్ని ఇంటికి పంపి, ఆమె సాయంత్రం దాకా పనిచేసి, అమీర్‌పేటలో చిక్కుడుకాయలు కొనుక్కుని ఇంటికి వెళ్ళింది.

అతను గడప దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆమె సంచీ కింద పెట్టగానే ఎడమ చేత్తో లాక్కుని ఒళ్ళో పెట్టుకున్నాడు. ఒక కాయ తీసి, పంటితో తుంచి, నార లాగడానికి ప్రయత్నించాడు. నార సగంలో తెగింది. ఇంకోటి తీశాడు. నవీన చెప్పులు విప్పి, చాట తెచ్చి అతని పక్కన కింద కూర్చుంది. లోపల పింకీ రేపటి పరీక్షకు పైకి చదువుకుంటోంది. అతను ఒక కాయ అయ్యేలోపు ఆమెవి పది అవుతున్నాయి. కాసేపటికి ఆమె చెయ్యి నెమ్మది చేసింది.